దిగితే ఊరు, ఎక్కితే దారి: కాట్స్‌వోల్డ్స్‌లో సైకిల్ మీద ఒక లాంగ్ వీకెండ్

ఇంగ్లండ్‌లో ఉండే మన తెలుగువాళ్ళ ఇళ్ళకి ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే ముందు లండన్ చూపిస్తారు, తర్వాత స్టోన్‌హెంజ్, ఆ తర్వాత కాట్స్‌వోల్డ్స్ అనే మిట్టల ప్రాంతంలో బోర్టన్-ఆన్-ది-వాటర్ అనే ఊరి దగ్గర కారు పార్క్ చేసి వాగు ఒడ్డున నాలుగు ఫొటోలు. బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ నేల ఎలాంటిదో తెలియాలంటే మాత్రం సైకిలెక్కాల్సిందే, కార్లో కూర్చుంటే ఎత్తూ తెలీదు, పల్లమూ తెలీదు, ఊరు దాటాక వచ్చే ఆ సందుదారులు అసలే కనపడవు.

పెద్ద కొండలేం లేవక్కడ. అన్నిటికన్నా ఎత్తైనది క్లీవ్ హిల్, 330 మీటర్లు, తిరుమల ఎత్తులో సగం కూడా రాదు. అయినా సాయంత్రానికి తొడలు పట్టేస్తాయి, ఎందుకంటే ఆ నేల అమరికే అలాంటిది. అదంతా జురాసిక్ కాలపు సున్నపురాయి, వాయవ్యం వైపు నిలువుగా తెగినట్టుండి ఆగ్నేయం వైపు మెల్లగా వాలిపోతుంది. వాన పడితే పైన నీళ్ళు నిలవవు, రాయిలోంచి ఇంకిపోయి కింద బంకమట్టి తగిలిన చోట ఊటలై బయటికొస్తాయి. నీళ్ళున్న చోటే ఊరు కడతారు కదా, అందుకని ఊళ్ళన్నీ లోయల్లో, మిట్టల మీద మాత్రం పొలాలూ గొర్రెలూ గాలీ. అంటే సైకిల్ వాడికి లెక్క ఏంటంటే, ప్రతి అందమైన ఊరికీ దిగాలి, దిగిన ప్రతిసారీ ఎక్కాలి. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుని రూట్ వేసుకుంటే ఇంగ్లండ్‌లో ఇంతకన్నా మంచి రైడింగ్ నాకైతే తెలీదు.

మే ఆఖర్లో స్ప్రింగ్ బ్యాంక్ హాలిడే (సోమవారం ప్రభుత్వ సెలవు) వీకెండ్‌కి మా బావా నేనూ వెళ్ళొచ్చాం. బావ అంటే మా అక్క మొగుడు, కావెంట్రీలో ఉంటాడు.

శుక్రవారం: మోర్టన్ నుంచి చిప్పింగ్ క్యాంప్డెన్

రెడింగ్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్‌కి డైరెక్ట్ ట్రైన్ ఉంది, లండన్ ప్యాడింగ్టన్ నుంచి ఆక్స్‌ఫర్డ్ మీదుగా వచ్చే లైన్ అది. సైకిల్‌కి టికెట్ ఉండదు గానీ చోటు ముందే రిజర్వ్ చేసుకోవాలి, బ్యాంక్ హాలిడే అయితే ఇంకా ముందు. కొత్త ట్రైన్లలో సైకిల్‌ని నిలబెట్టి ముందు చక్రాన్ని పైన కొక్కేనికి తగిలించాలి, బ్యాగులు తీసేశాకే ఎక్కుతుంది, కాబట్టి బ్యాగులు చటుక్కున ఊడి వచ్చేవి తీసుకుంటే మంచిది.

మోర్టన్ మెయిన్ రోడ్డు రోమన్లు వేసింది, ఫాస్ వే అంటారు, ఎక్సిటర్ నుంచి లింకన్ దాకా ఉండేది. ఇప్పుడది ఏ429, లారీలూ కార్లూ దడదడలాడిస్తూ పోతాయి, సైకిల్ వాడికి అక్కడ పనే లేదు. ఇక్కడ ఒకటే సూత్రం, ఇంగ్లీషు 'A' అక్షరంతో మొదలయ్యే రోడ్డుని అడ్డంగా దాటడమే తప్ప దాని మీద పోకూడదు, తప్పనిసరైతే తప్ప. ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ పటాల సంస్థ) మ్యాప్‌లో పసుపురంగు గీతలుంటాయి చూడండి, అవే మన దారులు. ఆ గీతల మీద చిన్న బాణం గుర్తులు కూడా ఉంటాయి, ఒక బాణం ఉంటే 14 నుంచి 20 శాతం వాలు, రెండుంటే 20 శాతం పైన. ఫోన్‌లో నేవిగేషన్ ఎంత ఉన్నా రాత్రి పడుకునే ముందు ఆ బాణాలు లెక్కపెట్టుకోవడంలో ఒక మజా ఉంది, రేపు ఎక్కడ ఊపిరాడదో ముందే తెలుస్తుంది.

స్టేషన్ నుంచి డ్రేకాట్ మీదుగా బ్లాక్లీకి వెళ్ళాం. దారంతా రెండు పక్కలా హాథార్న్ అనే ముళ్ళపొదల కంచె తెల్లగా పూసి ఉంది, దాని కింద నడుమెత్తు కౌ పార్స్‌లీ పూలు, హ్యాండిల్‌కి రాసుకుంటున్నాయి, ఆ వాసన కొంచెం ఘాటుగానే ఉంటుంది. లేన్ ఎంత సన్నగా ఉందంటే ఎదురుగా కారొస్తే ఎవరో ఒకరు పాసింగ్ ప్లేస్‌లో ఆగాల్సిందే. మనలాగే ఎడమవైపు ట్రాఫిక్ కాబట్టి ఆ అలవాటు మార్చుకునే పని లేదు.

బ్లాక్లీ గురించి కాస్త ఎక్కువే చెప్తా, ఎందుకంటే టూరిస్టులు పెద్దగా పట్టించుకోని ఊరు అది, కానీ సైకిల్ తొక్కేవాళ్ళు ఆగి దండం పెట్టాల్సిన ఊరు. ఊరి మధ్యలో చిన్న వాగుంది, ఆ వాగు నీటి బలంతో 18, 19 శతాబ్దాల్లో ఇక్కడ పట్టు మిల్లులు నడిచాయి. ఇక్కడ వడికిన పట్టుదారం కావెంట్రీకి పోయేది, అక్కడ రిబ్బన్లు నేసేవాళ్ళు. 1860లో ఫ్రాన్స్‌తో వాణిజ్య ఒప్పందం చేసుకుని ఫ్రెంచి పట్టు మీద సుంకం ఎత్తేసేసరికి కావెంట్రీ రిబ్బన్ పరిశ్రమ కుప్పకూలింది, బ్లాక్లీ మిల్లులూ దాంతోపాటే పోయాయి. పని పోయిన కావెంట్రీ కుట్టుమిషన్ల తయారీ లాంటి వాటి వైపు మళ్ళింది, ఆ కుట్టుమిషన్ల కంపెనీయే 1869లో సైకిళ్ళు చెయ్యడం మొదలుపెట్టింది, చివరికి 1885లో అదే కావెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిల్ తయారుచేశాడు, రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజు, వెనక చక్రానికి చైను. ఇవాళ మనం తొక్కే ప్రతి సైకిలూ దాని సంతానమే. మిల్లు వాగు పక్కన నిలబడి ఇదంతా బావకి చెప్తే, "అయితే మా ఊరోళ్ళకి సైకిలెలా చెయ్యాలో నేర్పింది ఈ ఊరి కష్టమేనన్నమాట" అన్నాడు. నాన్న తొక్కిన హెర్క్యులిస్ గుర్తొచ్చింది నాకు. అది కూడా ఇక్కడికి దగ్గర్లోని బర్మింగ్‌హామ్ పేరే, 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టాక మన ఊళ్ళకి చేరింది.

బ్లాక్లీ నుంచి బ్రాడ్ క్యాంప్డెన్ వైపు ఎక్కుడు మొదలవుతుంది, మొదటి రోజు మొదటి దెబ్బ అదే. ఎక్కాక ఒక్కసారి గాలి, వెంటనే మళ్ళీ దిగుడు, చిప్పింగ్ క్యాంప్డెన్. ఊరి వీధి వంపు తిరిగి ఉంటుంది, రెండు పక్కలా తేనెరంగు రాతి ఇళ్ళు, మధ్యలో 1627లో కట్టిన మార్కెట్ హాల్. అది బాప్టిస్ట్ హిక్స్ అనే లండన్ పట్టు వర్తకుడు కట్టించాడు, కప్పూ స్తంభాలూ తప్ప గోడల్లేవు, నేల మీద పరిచిన రాళ్ళు అరిగి అరిగి గుంటలుపడి ఉన్నాయి, నాలుగు వందల ఏళ్ళ కాళ్ళు. సైకిల్ క్లీట్స్‌తో (షూ అడుగున పెడల్‌కి తగిలించే గట్టి ముక్కలు) దాని మీద నడవకండి, జారుతుంది, రాయికీ మంచిది కాదు. చర్చిలో విలియం గ్రెవెల్ అనే ఉన్ని వ్యాపారి ఇత్తడి ఫలకం ఉంది, 1401లో చనిపోయాడు, ఇంగ్లండ్ ఉన్ని వ్యాపారులందరిలో పువ్వు అని రాశారు ఆయన గురించి.

సామాను రూమ్‌లో పడేసి డోవర్స్ హిల్‌కి వెళ్ళాం, ఊరి నుంచి మైలు దూరం ఎక్కుడు. రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుంది. అంచు మీద నిలబడితే నేల ఒక్కసారిగా కిందికి పడిపోతుంది, కింద ఈవ్‌షామ్ మైదానం, దూరంగా మాల్వెర్న్ కొండలు. 1612లో రాబర్ట్ డోవర్ అనే లాయరు ఇక్కడే ఆటల పోటీలు మొదలుపెట్టి ఒలింపిక్స్ అని పేరు పెట్టాడు, ఇప్పటికీ స్ప్రింగ్ బ్యాంక్ హాలిడే తర్వాతి శుక్రవారం జరుగుతాయి, ఒకరి మోకాలికింద ఎముక మీద ఒకరు తన్నుకునే పోటీ కూడా ఉంది, ప్యాంటులో గడ్డి కుక్కుకుని దిగుతారు. వారం ఆగి వెళ్తే అది కూడా చూడొచ్చు.

శనివారం: బ్రాడ్‌వే, స్నోస్‌హిల్, టవర్, వించ్‌కోంబ్

బీఅండ్‌బీ (పడకా, పొద్దున టిఫినూ ఇచ్చే ఇల్లు) ఆవిడ పొద్దున్నే అడిగింది, ఎటు వెళ్తున్నారు అని. స్నోస్‌హిల్ ఎక్కుతాం అన్నాం. "అయితే ఇంకో టోస్ట్ తినండి నాయనా" అని అడక్కుండానే పెట్టేసింది. తిన్నాం, దారిలో ఆవిణ్ణి తల్చుకున్నాం కూడా.

మళ్ళీ డోవర్స్ హిల్ మీదుగా వెస్టన్-సబ్-ఎడ్జ్ వైపు దిగుడు. ఇది నిలువు వాలు, పైగా మధ్యలో కంకర, మలుపు అవతల ట్రాక్టరుందో గుర్రముందో తెలీదు. బ్రేకులు పట్టి పట్టి చేతులు నొప్పెట్టాయి. గుర్రాల సంగతి ఒకటి చెప్పాలి, ఇక్కడ లేన్‌లలో గుర్రపు స్వారీ చేసేవాళ్ళు చాలామంది, వెనకనుంచి వస్తుంటే బెల్లు కొట్టడం కన్నా దూరం నుంచే హలో అని పలకరించడం మంచిది, గుర్రం మనిషి గొంతుకి బెదరదు. మెల్లగా, దూరంగా దాటాలి. దాటాక వాళ్ళు థ్యాంక్యూ చెప్తారు, ఆ మర్యాద నాకు భలే నచ్చుతుంది.

విల్లర్సీ మీదుగా బ్రాడ్‌వే దాకా చదును. బ్రాడ్‌వేలో అప్పటికే కార్లు నిండిపోయాయి, నీళ్ళు పట్టుకుని ఊరి దక్షిణం వైపు స్నోస్‌హిల్ రోడ్డు పట్టుకున్నాం. ఇది ఈ ప్రాంతంలో సైకిల్ వాళ్ళకి బాగా పేరున్న ఎక్కుడు. మొదట్లో మోసం చేస్తుంది, పచ్చిక బయళ్ళ మధ్యన మెల్లగా ఎత్తు పెరుగుతూ పోతుంది, చిన్న గేరు ఇంకా ఉందిలే అని ధీమాగా ఉంటాం, ఊరు కనపడే వేళకి ఒక్కసారి నిక్కుతుంది, అప్పుడు వెనక 34 పళ్ళ గేరు కూడా చాలదనిపిస్తుంది. కూర్చునే తొక్కాలి, లేచి తొక్కితే తడి ఆకుల మీద వెనక చక్రం జారుతుంది. బావ నా కంటే పదేళ్ళు పెద్ద, ఒకే లయలో, ఒక్క మాట మాట్లాడకుండా, నాకంటే ముందు చర్చి దగ్గరికి చేరాడు. "ఇదేం ఊర్రా, దిగితే గానీ కనపడదు, ఎక్కితే గానీ వదలదు" అన్నాడు రొప్పుతూ.

అక్కణ్ణుంచి మిట్ట మీద దారిలో బ్రాడ్‌వే టవర్‌కి వెళ్ళొచ్చాం. 312 మీటర్ల ఎత్తులో, 18వ శతాబ్దం చివర్లో కట్టిన బురుజు అది. లేడీ కోవెంట్రీ అనే ఆవిడకి ఈ కొండ మీద మంట పెడితే ఇరవై మైళ్ళ పైన దూరంలో ఉన్న తన ఇంటికి కనపడుతుందా అని అనుమానం వచ్చిందట, కనపడింది, దాంతో జేమ్స్ వాయట్ అనే ఆర్కిటెక్ట్‌తో టవరే కట్టించేశారు. పక్కన పొలంలో కోల్డ్ వార్ కాలం నాటి భూగర్భ బంకర్ కూడా ఉంది, అణుబాంబు పడితే చూసి కబురు చెప్పడానికి వాలంటీర్లు అందులో కూర్చునేవాళ్ళు. మంట కనపడుతుందా అన్న కొండే బాంబు కనపడుతుందా అన్న కొండ కూడా అయ్యింది, కొండెక్కితే కనిపించే దూరం అలాంటిది మరి.

మిట్ట మీద రెండు పక్కలా కంచెలు పోయి రాతిగోడలొచ్చాయి. ఈ గోడల దగ్గర నేను సైకిల్ ఆపి చాలాసేపు చూశా. సిమెంటు లేదు, మట్టి లేదు, ఊరికే రాయి మీద రాయి. దగ్గరికెళ్ళి చూస్తే అది ఒక గోడ కాదు, రెండు గోడలు, లోపలికి కాస్త వాలి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మధ్యలో చిన్న రాళ్ళు కూరి ఉంటాయి, అక్కడక్కడా ఒక పొడుగు రాయి రెండిటినీ కలిపి పట్టుకుంటుంది. పై వరసలో మాత్రం రాళ్ళు పడుకోబెట్టరు, పుస్తకాల్లాగా నిలబెడతారు, ఆ బరువే కింద అంతటినీ నొక్కి పెడుతుంది. రాయి మీద పసుపూ బూడిదా రంగుల్లో బూజులాంటి నాచు, దాని మీద ఒక నత్త. పొలం దున్నితే వచ్చిన రాళ్ళతోనే ఇవి కట్టారు, కాట్స్‌వోల్డ్స్ మొత్తం మీద దాదాపు 4,000 మైళ్ళ గోడలున్నాయంటారు. ఇనుము ఎక్కువున్న చోట రాయి తేనెరంగు, లేని చోట పాలిపోయి ఉంటుంది, ఉత్తరం నుంచి దక్షిణానికి తొక్కుతూ పోతే ఇళ్ళ రంగు మారిపోవడం కళ్ళతో చూడొచ్చు.

ట్యాడింగ్టన్ దాటాక స్టాన్‌వే హిల్ దిగుడు, కాస్త వెడల్పు రోడ్డు, మలుపులు ముందే కనపడతాయి, ఇక్కడ హాయిగా వదిలేయొచ్చు. కింద స్టాన్‌వే హౌస్‌లో 300 అడుగులు లేచే ఫౌంటెన్ ఉంది, పంపు లేదు, కొండ మీది చెరువు నీళ్ళు పైపులో దిగి ఆ ఒత్తిడికే లేస్తాయి. మనం ఇప్పుడే దిగిన ఎత్తు ఎంతో ఆ నీళ్ళే చెప్తాయి. తర్వాత డిడ్‌బ్రూక్, హేల్స్ మఠం శిథిలాలు (1246లో కట్టింది), పెద్దగా ఆగలేదు, మబ్బు పట్టింది.

వించ్‌కోంబ్ నాకు ఈ రైడ్‌లో అన్నిటికన్నా నచ్చిన ఊరు, అందంగా ఉన్నా జనాలు నిజంగా బతుకుతున్న ఊరు. కసాయి కొట్టు, హార్డ్‌వేర్ షాపు, స్కూలు పిల్లలు. 2021 ఫిబ్రవరి 28 రాత్రి ఇక్కడ ఒక ఇంటి ముందు కారు ఆపే చోట ఆకాశం నుంచి ఉల్క రాలింది, పొద్దున లేచి చూస్తే నల్లటి పొడి. ఇంటివాళ్ళు జాగ్రత్తగా సంచుల్లోకి ఎత్తిపెట్టారు కాబట్టి శాస్త్రవేత్తలకి చెడిపోకుండా దొరికింది, సౌరకుటుంబం పుట్టిన తొలినాళ్ళ నాటి పదార్థం అది.

పబ్‌లో శాకాహారానికి జాకెట్ పొటాటో, బీన్స్. బావ సంచిలోంచి అక్క కట్టిచ్చిన గోంగూర సీసా బయటికి తీశాడు, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం: సూడ్లీ హిల్, విండ్‌రష్ లోయ, స్టో

పొద్దున్నే టిఫిన్ అరక్కముందే ఎక్కుడు. వించ్‌కోంబ్ గిన్నె అడుగులో ఉంటుంది, ఎటు పోవాలన్నా ఎక్కాల్సిందే. సూడ్లీ కాజిల్ పక్కనుంచి, అంటే ఎనిమిదో హెన్రీ ఆఖరి భార్య కేథరిన్ పార్ సమాధి ఉన్న కోట, సూడ్లీ హిల్ రోడ్డు మొదలవుతుంది. స్నోస్‌హిల్ కన్నా ఇదే కష్టం అనిపించింది నాకు, దాని కంటే పొడుగనిపిస్తుంది, మధ్యలో తేరుకోవడానికి చదును దాదాపు లేదు. వెనక్కి తిరిగి చూస్తే కోట, చర్చి గోపురం, ఊరు, ఒక్కొక్కటే చిన్నదైపోతూ ఉంటాయి, ఎంత ఎక్కామో లెక్క మీటర్ చెప్పక్కర్లేదు.

పైన వాన మొదలైంది, నైరుతి గాలి ముఖం మీదికి. గైటింగ్ పవర్ అనే ఊరి వైపు వెళ్ళే దారంతా ఆరుబయలు, చెట్టు లేదు. ఈ పక్కనే 1971లో మొదలైన కాట్స్‌వోల్డ్ ఫార్మ్ పార్క్ ఉంది, అంతరించిపోతున్న పశువుల జాతుల్ని కాపాడడానికి పెట్టారు. అక్కడ కాట్స్‌వోల్డ్ లయన్ అనే గొర్రె జాతిని చూడాలి. నుదుటి మీద జూలు కళ్ళదాకా వేలాడుతూ, ఒళ్ళంతా పొడుగాటి ఉంగరాల ఉన్ని. ఈ చుట్టుపక్కల చర్చిలూ మార్కెట్లూ అంత పెద్దవి ఎలా కట్టారు అంటే, జవాబు ఇలాంటి గొర్రెల వీపు మీద ఉంది. మధ్యయుగాల్లో ఇక్కడి ఉన్ని ఇటలీ దాకా పోయేది.

నాంటన్ దగ్గర విండ్‌రష్ లోయలోకి దిగుతుంటే నాకు పంచర్. హాథార్న్ ముల్లు. మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్ళు పెట్టుకునే కాలమని రైతుల్ని కంచెలు కొట్టనివ్వరు, అందుకని చలికాలంలో కొడతారు, ఆ ముక్కలు కొన్ని వేసవి దాకా రోడ్డు పక్కన మట్టిలో ఉండిపోతాయి. ముల్లు టైరులో ఎక్కడుందో వేలితో తడిమి పట్టుకోకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్ళీ దిగిపోతుంది, ఇది గుర్తుపెట్టుకోండి. ఒక గేటు దగ్గర వానలో నిలబడి నేను ట్యూబు మారుస్తుంటే ఆ దారిన పోయిన ప్రతి సైకిల్ గుంపూ, ఒక్కటీ తప్పకుండా, అన్నీ ఉన్నాయా మీ దగ్గర అని అడిగి గానీ కదల్లేదు. 28 ఎంఎం టైర్లు వేసుకోండి, అంతకంటే సన్నవి ఈ గుంతల రోడ్లకి పనికిరావు.

అప్పర్ స్లాటర్‌లో వాన ఆగింది. రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళినవాళ్ళంతా ప్రాణాలతో తిరిగొచ్చిన అతి కొద్ది ఊళ్ళలో ఇదొకటి. ఇంగ్లండ్‌లో ఏ ఊరి మధ్యన చూసినా యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన స్తంభం ఉంటుంది, ఒకే ఇంటిపేరు మూడు నాలుగుసార్లు వస్తుంటుంది, మేం దాటిన ప్రతి ఊళ్ళో చూశాం. అవన్నీ చూసుకుంటూ వచ్చాక ఈ ఊళ్ళోకి వస్తే ఏదో తెలియని తేలిక. బావ హెల్మెట్ తీసేశాడు.

బోర్టన్‌లో మాత్రం తిరనాళ్ళే. వాగు రెండు ఒడ్డులా జనం, అందులో సగం మన భాషలే, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా సైకిళ్ళు చూసి "ఎక్కణ్ణుంచి తొక్కుకొస్తున్నారు బాబూ?" అని అడిగి, వించ్‌కోంబ్ అంటే అది ఎటువైపో చేత్తో చూపించమన్నారు. చూపించాం. "ఆ కొండ అవతలా? తిన్నారా మరి?" అని వాళ్ళ టిఫిన్ డబ్బాలోంచి పులిహోర పెట్టారు. ఆ పులిహోరతోనే స్టో ఎక్కాం.

స్టో-ఆన్-ది-వోల్డ్‌కి ఫాస్ వే మీద వెళ్ళకండి, లోయర్ స్వెల్ మీదుగా రండి. ఊళ్ళన్నీ లోయల్లోనే అన్న మాటకి స్టో ఒక్కటే ఎదురు నిలుస్తుంది, దాదాపు 800 అడుగుల మిట్ట మీద కట్టిన ఊరు, నీళ్ళ కోసం కాదు, దారుల కోసం. అన్ని వైపుల రోడ్లూ ఇక్కడే కలుస్తాయి, అందుకే గొర్రెల సంత ఇక్కడ పెట్టారు, ఒకే సంతలో 20,000 గొర్రెలు అమ్ముడుపోయిన రోజులున్నాయని 18వ శతాబ్దపు యాత్రికుడొకాయన రాశాడు. చౌక్‌లోకి వచ్చే సందులు ఒక మనిషి పట్టేంత సన్నవి, గొర్రెల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడానికి అలా కట్టారని చెప్తారు. ఇంగ్లండ్ మొదటి అంతర్యుద్ధంలో ఆఖరి పోరు కూడా 1646 మార్చిలో ఈ ఊరి దగ్గరే. చర్చి ఉత్తరం వైపు తలుపుకి రెండు పక్కలా రెండు యూ చెట్లు, గోడలోకి కలిసిపోయి పెరిగాయి, వేర్లు ఎక్కడ రాయి ఎక్కడ అని వేలు పెట్టి చూస్తే గానీ తెలీదు.

సాయంత్రం ఆ చౌక్‌లో కూర్చుని ఒక విషయం ఆలోచించా. డోవర్ ఆటలు మొదలుపెట్టిన దానికి ఒక్క ఏడాది ముందే, 1611లో, ఇంగ్లీషువాళ్ళు మన మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టారు. వాళ్ళు పట్టుకొచ్చిన అద్దకం నూలుబట్ట ఇక్కడి జనాలకి ఎంత నచ్చిందంటే, ఉన్ని, పట్టు నేసేవాళ్ళు గగ్గోలు పెట్టి 1700లో ఒకసారి, 1721లో ఒకసారి చట్టాలు చేయించుకున్నారు, ముందు దిగుమతి మీద, తర్వాత కట్టుకోవడం మీద నిషేధం. కోరమండల్ తీరం చేతిపనికి ఈ గొర్రెల రాజ్యం భయపడింది. ఆ సంగతి ఇక్కడ ఏ బోర్డు మీదా నాకు కనపడలేదు, ఉండాల్సింది అనిపించింది.

సోమవారం: డేల్స్‌ఫర్డ్, సెజింకోట్, మోర్టన్

ఆఖరి రోజు చదునైన రోజు, ఈవెన్‌లోడ్ నది వైపు నేల మెత్తగా అలలాగా లేచి పడుతుంది, పెద్ద గేరులోనే పోవచ్చు. స్టో నుంచి ఆడింగ్టన్ మీదుగా డేల్స్‌ఫర్డ్. ఇక్కడ వారెన్ హేస్టింగ్స్ ఉన్నాడు. స్కూల్లో చదువుకున్న ఆ గవర్నర్ జనరలే. వాళ్ళ తాతలనాటి ఎస్టేట్ ఇది, చేజారిపోతే, ఇండియా నుంచి వచ్చాక 1788లో తిరిగి కొనుక్కుని కొత్త బంగళా కట్టుకున్నాడు. అదే ఏడాది పార్లమెంటులో ఆయన మీద విచారణ మొదలై 1795 దాకా సాగింది, చివరికి నిర్దోషి అన్నారు. 1818లో ఇక్కడే పోయాడు, సమాధి చర్చి దగ్గరే. బెంగాల్ గవర్నర్ కాకముందు మద్రాసు కౌన్సిల్‌లో కూడా చేశాడు. కలశం పెట్టిన రాతి దిమ్మె ముందు బావా నేనూ నిలబడ్డాం, ఇద్దరం ఏం మాట్లాడలేదు, కోపం అనలేను, కానీ పొద్దుట్నుంచీ తొక్కుతున్న ఆ చక్కటి లేన్ల మీద నా చూపు అక్కడ కాస్త మారింది.

ఆడ్లెస్ట్రాప్, ఈవెన్‌లోడ్ ఊళ్ళ మీదుగా మధ్యాహ్నానికి మోర్టన్ చేరి, భోంచేసి, మళ్ళీ ఏ44 మీద రెండు మైళ్ళ లోపు తొక్కి సెజింకోట్‌కి వెళ్ళాం. తప్పనిసరైతే తప్ప అన్నాను కదా, ఇది తప్పనిసరి. చెట్ల మధ్య బాటలో పోతూ పోతూ ఉంటే ఎదురుగా రాగి గుమ్మటం, ఆకుపచ్చ నీలం కలిసిన రంగులో ఉల్లిపాయ ఆకారం, నాలుగు మూలలా ఛత్రీలు, నెమలిపింఛంలాంటి కిటికీ తోరణాలు. గ్లోస్టర్‌షైర్ పచ్చిక మధ్యలో మొఘల్ కోట! చార్ల్స్ కాకరెల్ అనే ఈస్టిండియా కంపెనీ మనిషి కోసం 1805 నుంచి ఆయన అన్న శామ్యూల్ పీప్స్ కాకరెల్ కట్టాడు, డేల్స్‌ఫర్డ్ బంగళా కట్టిందీ ఈ ఆర్కిటెక్టే. దీన్ని చూశాకే యువరాజు బ్రైటన్‌లో తన పెవిలియన్‌కి ఆ గుమ్మటాలు పెట్టించుకున్నాడని చెప్తారు. బ్యాంక్ హాలిడే సోమవారం కావడంతో తోట తెరిచి ఉంది.

తోటలో వాగు మీద వంతెన, వంతెన పిట్టగోడ మీద నందులు. శివాలయంలో ఉన్నట్టే ముందుకాళ్ళు మడుచుకుని, కాకపోతే ఎదురుగా శివుడు లేడు, చెట్లే. పైన చిన్న గుడిలో సూర్యుడు. బావ షూస్ విప్పి నంది వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఉన్నాడు. అక్కడి తోటమాలి ఒకాయన మా వైపు వచ్చి, ఇవి మీ దగ్గర ఎలా ఉంటాయి, ఇలాగే ఉంటాయా అని ఎంతో శ్రద్ధగా అడిగాడు. లేపాక్షి నంది ఫొటో ఫోన్‌లో తీసి చూపించా, ఒకే రాయి అంటే ఆయన ఫోన్ తన చేతిలోకి తీసుకుని పెద్దది చేసుకుని మెడలో గంటల దాకా చూశాడు.

ఇక వెళ్ళాలనుకునేవాళ్ళకి. ఒక్కరోజే టైముంటే మోర్టన్‌లో దిగి బ్లాక్లీ, క్యాంప్డెన్, బ్రాడ్‌వే, స్నోస్‌హిల్ ఎక్కి, మిట్ట మీద నుంచే దక్షిణంగా స్టోకి వచ్చి, ఈవెన్‌లోడ్ మీదుగా మళ్ళీ మోర్టన్, పొద్దున బయల్దేరితే చీకటి పడకుండా అయిపోతుంది. గేర్లలో ముందు 34 పళ్ళ చక్రం, వెనక కనీసం 32 పళ్ళది లేకుండా రావద్దు. నీళ్ళు ఏ పబ్‌లో అడిగినా పట్టిస్తారు. ఆదివారం ఊళ్ళల్లో కొట్లు నాలుగింటికల్లా మూసేస్తారు, తిండి ముందే కొనుక్కోండి. బోర్టన్, బైబరీ మాత్రం వీకెండ్ మధ్యాహ్నాలు వదిలేసి వారం మధ్యలో పొద్దున్నే ఏడింటికి వెళ్ళండి, అప్పుడు వాగు చప్పుడు వినపడుతుంది. మేం ఈసారి దక్షిణం వైపు అసలు ముట్టుకోలేదు, నార్త్‌లీచ్, బైబరీ, కోల్న్ నది లోయ, సైరెన్‌సెస్టర్. బావ ట్రైన్‌లోనే ఆ మ్యాప్ షీటు తెరిచి బాణాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, సెప్టెంబర్‌కి ఆ వైపు వెళ్తున్నాం.